మొక్కజొన్న ప్లాస్టిక్కు: ఉత్ప్రేరకముల ప్రాధాన్యము

జనగామ, మహబూబాబాదు జిల్లాలలో మొక్కజొన్న పండించు రైతులు పెక్కురు కలరు. ఈ ధాన్యము కోళ్ల దాణాకును, గంజిపిండి పరిశ్రమకును, ఇటీవల ఇథనాలు కర్మాగారములకును పోవుచున్నది. దీనినుండి ప్లాస్టిక్కు సయితము పుట్టుననియు, అది మట్టిలో కలిసిపోవుననియు చెప్పువారు ప్రబలిరి. ఇందు సత్యమెంత, రైతునకు లాభమెంత యనునది విచారింపదగినది.

ఈ ప్లాస్టిక్కునకు పాలీలాక్టికామ్లమని పేరు. గింజలోని పిండిని చక్కెరగా మార్చి, సూక్ష్మజీవులచే పులియబెట్టినచో లాక్టికామ్లము లభించును. తోడుపెట్టిన పెరుగునకు పులుపునిచ్చునదియు నీ యామ్లమే. దీని యణువులను నేరుగా గొలుసుగా గూర్పబోయినచో ప్రతి కూర్పునను నీరు వెలువడి, గొలుసును పొడవు కానీయదు. కావున రెండేసి యణువులను వలయముగా జేసి, ఆ వలయములను విప్పి పొడవైన గొలుసు నల్లుదురు. అమెరికాలో కరోథర్సు పండితుడును అతని సహచరులును 1932లోనే యీ మార్గమును పరీక్షించిరి. వలయమును విప్పించునది ఉత్ప్రేరకము. పెండ్లిళ్ల పేరయ్య ఒక సంబంధము కుదిర్చి మఱొక యింటికి పోవునట్లు, అది యొక కూర్పు ముగించి మఱొక కూర్పునకు బోవును.

కర్మాగారములలో విశేషముగా వాడుక యందున్నది స్టానస్ ఆక్టోయేటను తగరపు సమ్మేళనము. అది లక్షపాళ్లలో కొన్ని పదులపాళ్లు చాలును. అయినను ఆ తగరము సరకులోనే నిలిచిపోవును. దాని శక్తిని అణచనిచో, సరకును మరల కరగించునపుడు, అల్లిన గొలుసును తానే త్రెంచును. అందువలన జింకు, ఇనుము, కాల్షియము మొదలగువానిని శోధించుచున్నారు. జర్మనీలోని ఆకెన్ నగరమున 2020 ప్రాంతమున జింకుతో గూడిన యుత్ప్రేరకములు తగరమును మించిన వేగము చూపెను. వరిచేలలో జింకు సల్ఫేటు చల్లు మన రైతునకు జింకు క్రొత్త వస్తువు కాదు.

ఇక మట్టిలో కలియుట మాట. ఈ ప్లాస్టిక్కు సుమారు 60 డిగ్రీల వేడిగల యెరువు కర్మాగారములలో కొన్ని నెలలకు శిథిలమగును. మిరపచేనిలో పాతినను, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమున గోదావరిలో విడిచినను, అది యేండ్లతరబడి చెడక యుండును. ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు వస్తువులు కొన్ని 2022 జులై 1 నుండి దేశమున నిషిద్ధములైనవి. అది మొదలు ఎరువగునను పేరుతో బేరము లెక్కువైనవి. అట్టి సరకు ఐ.ఎస్. 17088 ప్రమాణమునకు లోబడవలెను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రమును పొందవలెను. కొనువారు వీనిని చూడక మోసపోరాదు.

అమెరికాలోని నెబ్రాస్కాలో మొక్కజొన్న పొలముల నడుమ 2002 ప్రాంతముననే పెద్ద కర్మాగారము వెలసినది. మన దేశమున బలరాంపూరు చీనీ మిల్సువారు చెఱకునుండి యీ ప్లాస్టిక్కు చేయుటకు ఉత్తరప్రదేశమున కర్మాగారము నెలకొల్పుదుమని 2024లో ప్రకటించిరి. పంట యొకచోట, విద్య మఱొకచోట నున్నంతకాలము రైతునకు దక్కునది గింజ వెల మాత్రమే. హైదరాబాదులో 1944లో పుట్టిన ప్రయోగశాల నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థయై యుత్ప్రేరకములను శోధించుచున్నది. ఆ విద్యయు ఓరుగల్లు ప్రాంతపు పంటయు కలిసిననాడే లాభము మన గడప త్రొక్కును.

అంతవఱకు ప్లాస్టిక్కు నమ్మి పంట పెంచుట వివేకము కాదు. శుభకార్యములలో మోదుగాకు విస్తరి వాడుటకు మాత్రము ఏ ధ్రువపత్రమును అక్కఱలేదు.