స్టీరియో వ్యూయర్‌కు ఏ పవర్ లెన్సు?

మన రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఆ కాస్త ఎడం వల్లే ఎడమకన్ను చూసేదానికీ కుడికన్ను చూసేదానికీ తేడా వస్తుంది. ఆ తేడా నుంచే మెదడు లోతును పట్టుకుంటుంది. స్టీరియో వ్యూయర్ పక్కపక్కనున్న రెండు ఫొటోల్లో ఒక్కోదాన్ని ఒక్కో కంటికే చూపిస్తుంది. చార్లెస్ వీట్‌స్టన్ 1838లో అద్దాలతో ఈ సూత్రాన్ని వివరించాడు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ లెన్సులు వాడాడు. 1861లో ఆలివర్ వెండెల్ హోమ్స్ చేత్తో పట్టుకునే చవక నమూనా చేశాడు. ఇప్పుడు ఫోను, ఫొటో ప్రింటు, అట్టపెట్టె ఉంటే రాయచోటిలో ఇంట్లోనే ఒకటి చేసుకోవచ్చు. చిక్కల్లా లెన్సుల ఎంపికలోనే.

పవర్ లెక్క

1000ని లెన్సు పవర్‌తో భాగిస్తే నాభ్యంతరం మిల్లీమీటర్లలో వస్తుంది. ఫొటోను సరిగ్గా అంత దూరంలో పెడితే కన్ను దూరపు కొండను చూసినంత తేలిగ్గా చూస్తుంది. చత్వారం ఉన్నవాళ్లకు రీడింగ్ గ్లాసులు అక్కర్లేదు. 63 మి.మీ. వెడల్పున్న ఫొటోకు లెక్క ఇదీ:

● +5: దూరం 200 మి.మీ., దృశ్యం 18 డిగ్రీలు
● +10: దూరం 100 మి.మీ., దృశ్యం 35 డిగ్రీలు
● +20: దూరం 50 మి.మీ., దృశ్యం 64 డిగ్రీలు

హోమ్స్ రకం వ్యూయర్లు +5కు దగ్గరగా ఉంటాయి. 2014 నాటి గూగుల్ కార్డ్‌బోర్డ్ లెన్సు నాభ్యంతరం 45 మి.మీ., అంటే +22. పవర్ పెరిగేకొద్దీ దృశ్యం విశాలమవుతుంది. దాంతోపాటే అంచుల్లో వంకరలు, రంగుల చారలు పెరుగుతాయి.

పెద్దగా కనిపించడం ఒక్కటే చాలదు, లోతు నిజంగా ఉండాలి. చాలా ఫోన్లలో 2 రెట్ల జూమ్ పాత ఫిల్ము కెమెరాలోని 50 మి.మీ. లెన్సుకు దగ్గర. ఆ ఫొటోను 69 మి.మీ. వెడల్పున ప్రింట్ చేస్తే ఫిల్ము ఫ్రేముకు సుమారు రెట్టింపు. 50కి రెట్టింపు 100. అంటే +10 లెన్సు. నాభ్యంతరం అంతకు మించితే లోతు సాగిపోతుంది, తగ్గితే అణిగిపోతుంది.

కంటిలో లెన్సు అమర్చని రోజుల్లో శుక్లాల ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లు పెట్టుకున్న సోడాబుడ్డి అద్దాల పవర్ కూడా దాదాపు +10. అందుకే కళ్లద్దాల షాపువాళ్లకు ఇది కొత్త కాదు.

ఎడం లెక్క

కళ్లు ముక్కువైపు తిరగగలవు, బయటివైపు విడిపోవడం కష్టం. కాబట్టి దూరపు కొండమీది ఒకే రాయి రెండు ఫొటోల్లో ఎంత ఎడంలో ఉందో, లెన్సుల కేంద్రాలు కూడా అంతే ఎడంలో ఉండాలి. 69 మి.మీ. ప్రింట్లను 63 మి.మీ.కు కత్తిరించి పక్కపక్కన అతికిస్తే ఈ లెక్క కుదురుతుంది.

లెన్సు కేంద్రం కనుక్కోవడానికి కాగితంపై కూడిక గుర్తు గీసి, దానిపై లెన్సును కొంచెం ఎత్తి జరపండి. లోపల కనిపించే గీతలు బయటి గీతలతో తెగకుండా కలిసినచోటే కేంద్రం. అక్కడ మార్కర్‌తో చుక్క పెట్టండి.

ఫొటో లెక్క

అన్నిటికంటే దగ్గరున్న వస్తువు దూరంలో 30వ వంతు పక్కకు జరిగి రెండో ఫొటో తీయాలి. రాయచోటి వీరభద్రస్వామి ఆలయ గోపురం 15 మీటర్ల దూరంలో ఉంటే అర మీటరు జరిగితే చాలు. గండికోటలో దగ్గరి బండ 30 మీటర్ల అవతల ఉంటే ఒక మీటరు. రెండు ఫొటోల మధ్య మనుషులు, మబ్బులు కదలకూడదు, ఫోను ఎత్తు మారకూడదు.

మొదటిసారి చేసేవాళ్లు చీటీ మీద ఇవి రాసుకుని షాపుకు వెళ్లండి: పవర్ +10, సిలిండర్ సున్నా, వ్యాసం 40 మి.మీ., రెండూ ఒకే రకం. ఇంటికొచ్చాక కేంద్రాల మధ్య 63 మి.మీ. ఉంచి బిగించండి. ఖరీదైన లెన్సు కంటే కొలత కుదిరిన లెన్సే మేలు.