ఆలుగడ్డ చేనులో కనబడని పొగ

జహీరాబాద్ ఎర్రనేలల్లో యాసంగి ఆలుగడ్డ వేసే చేన్లలో పొగ అంటే ట్రాక్టరే గుర్తొస్తుంది. లెక్క మాత్రం గట్టు మీది యూరియా బస్తాతో మొదలుపెట్టాలి.

బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. వేసిన నత్రజనిలో సుమారు 1 శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో గాల్లో కలుస్తుందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ సగటు అంచనా. ఆక్సిజన్ బరువు కూడా చేరితే 325 గ్రాములు. చూడ్డానికి చిటికెడే గానీ, వందేళ్ల లెక్కన ఈ వాయువు వేడిని పట్టి ఉంచే బలం కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. అంటే 89 కిలోలతో సమానం. యూరియా మట్టిలో విడిపోతూ నేరుగా వదిలేది మరో 33 కిలోలు. మొత్తం 122. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోలు వస్తుంది కాబట్టి, 45 కిలోల బస్తా చల్లితే 45 లీటర్ల డీజిల్ తగలబెట్టినట్టే! ఫ్యాక్టరీలో తయారీకి అయ్యేది ఇందులో కలపలేదు.

ఇక మోటారు. 5 హెచ్‌పీ మోటారు ఆరు గంటలు నడిస్తే 22 యూనిట్లు. యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున రోజుకు దాదాపు 16 కిలోలు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఈ ఖర్చు బిల్లులో కనబడదు. ఆటో స్టార్టర్ పెట్టి పడుకుంటే అసలే కనబడదు.

ఈ రెండూ కలిసినచోటే చిక్కు. యూరియా చల్లి మడి నిండా నీళ్లు పారిస్తే మట్టిలో గాలి ఆడదు. అప్పుడు సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుంటాయి, నైట్రస్ ఆక్సైడ్ బయటికొస్తుంది. డ్రిప్‌లో కొంచెం కొంచెంగా ఎరువు ఇస్తే, లేదా సగం ఆపి మట్టి ఎగదోసేటప్పుడు వేస్తే నష్టం తగ్గేది అందుకే.

పక్కనే పస్తాపూర్‌లో 1983లో పుట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల చేన్లలో యూరియా లెక్క సున్నా. 2019లో వారికి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అయితే అవి వానకు పండే జొన్న, కొర్ర, కంది కలిపిన చేన్లు. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఆలుగడ్డ రైతు నెత్తిన పెట్టడం న్యాయం కాదు. పంట మార్పిడికి కందినో, పచ్చిరొట్టకు జనుమునో అరువు తెచ్చుకోవచ్చు.

ఎకరాకు మూడు బస్తాలు, 8 టన్నుల దిగుబడి అనుకుందాం. కార్బన్ డయాక్సైడ్ లెక్కన యూరియా వాటా కిలో ఆలుగడ్డకు 46 గ్రాములు. భూసార పరీక్ష చూసి ఒక బస్తా మానినా దిగుబడి నిలిస్తే 30 గ్రాములకు దిగుతుంది. పరీక్ష లేకుండా మాని, దిగుబడి 5 టన్నులకు పడితే 49 గ్రాములవుతుంది.