పన్ను కట్టిన ఊరికి లెక్క చెప్పేదెవరు?

పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే దారిలో చెల్పూర్ చేరేసరికి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ నడక మొదలుపెట్టాయి. రెండూ కలిపి 1,100 మెగావాట్లు. ఇదే జిల్లాలో, గోదావరి ఒడ్డున మేడిగడ్డ దగ్గర మొదలయ్యే కాళేశ్వరం ఎత్తిపోతలలోని మోటార్లన్నీ తిరగాలంటే 8,459 మెగావాట్ల కరెంటు కావాలని కాగ్ తన నివేదికలో రాసింది. అంటే చెల్పూర్‌లో ఉన్నటువంటి కేంద్రాలు ఏడున్నరకు పైగా కావాలి. ఆ కరెంటుకే ఏటా దాదాపు 10,374 కోట్లు అవుతుందని కూడా లెక్క కట్టింది. ఈ నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 2016 మేలో. కట్టేది ఏమిటో, దానికి అయ్యేది ఎంతో, తీర్చేది ఎవరో జనానికి తెలిసేటప్పటికి దాదాపు ఎనిమిదేళ్లు గడిచాయి.

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. నలభై రోజులకు పోలింగ్ జరిగింది. కాంగ్రెస్ 64 స్థానాలు గెలిచింది, అధికారంలో ఉన్న బీఆర్‌ఎస్ 39 దగ్గర ఆగింది. ఆ ఓటమికి మేడిగడ్డ ఒక్కటే కారణమంటే అతిశయోక్తి అవుతుంది. ఉద్యోగాల నోటిఫికేషన్లు, ధరణి భూరికార్డుల తిప్పలు, ఎమ్మెల్యేల మీద అసంతృప్తి, అన్నీ ఉన్నాయి. కానీ సర్కారు ఖర్చు మీద ఓటరు కోపం అంత బాహాటంగా ఎన్నికల మాటయింది తెలంగాణలో అప్పుడే. నాకు తోచే ప్రశ్న వేరు. పియర్ కుంగాక వచ్చిన కోపం, అప్పు తెచ్చినప్పుడు ఎందుకు రాలేదు? కాళేశ్వరం కార్పొరేషన్ పేరుమీద బ్యాంకుల దగ్గర, ఆర్థిక సంస్థల దగ్గర కుదుర్చుకున్న రుణాలు ఎనభై ఏడు వేల కోట్లకు పైమాటే. అవి రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో అప్పుగా కనిపించవు, తీర్చేది మాత్రం బడ్జెట్ నుంచే. ప్రాజెక్టు మొత్తం 1,47,427 కోట్లు దాటవచ్చని కాగ్ అంచనా. 2011 జనాభా లెక్కన మూడున్నర కోట్ల మందికి పంచితే తలకు నలభై రెండు వేలు. ఐదుగురున్న ఇంటికి రెండు లక్షల పైన. పెట్టిన రూపాయికి రూపాయిన్నర ఫలితం వస్తుందని ప్రభుత్వం చూపితే, 52 పైసలే రావచ్చని కాగ్ తేల్చింది. ఇంటి మీద రెండు లక్షల భారం ఎవరో మోపి వచ్చారంటే ఏ కుటుంబమూ ఊరుకోదు. ఇక్కడ ఊరుకుంది. ఎందుకంటే అది తన డబ్బని ఆ కుటుంబం అనుకోలేదు.

అనుకోకపోవడానికి కారణం ఉంది. పల్లెల్లో చాలామందికి పన్ను అంటే ఇంటి పన్ను, నల్లా పన్ను. ఆదాయపు పన్ను ఉద్యోగుల సంగతి. ఇప్పుడు కొత్త విధానంలో ఏడాదికి పన్నెండు లక్షల దాకా ఆదాయం ఉన్నా అది కట్టక్కర్లేదు. కాబట్టి మేం సర్కారుకు కట్టేదేముంది అనే మాట సహజంగానే వస్తుంది. అది నిజం కాదు. పెట్రోల్ మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్ తెలంగాణలో 2015 నుంచి ఉన్నాయి. 2021 నవంబర్‌లో, 2022 మేలో కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ కూడా తగ్గించాయి, మనది తగ్గించలేదు. పొలం దున్నడానికి ట్రాక్టర్‌లో వెయ్యి రూపాయల డీజిల్ పోయిస్తే అందులో రాష్ట్రానికి పోయేది దాదాపు 210 రూపాయలు. కేంద్ర సుంకం దానికి అదనం. మిర్చికి, పత్తికి కొట్టే రసాయన మందు డబ్బా 1,180 రూపాయలైతే 180 జీఎస్టీ. ఎరువుల దుకాణంలో ఇచ్చే బిల్లు కింది భాగంలో, కేంద్రానికి తొమ్మిది, రాష్ట్రానికి తొమ్మిది శాతం అని రెండు వరుసల్లో ఈ సంగతి అచ్చయి ఉంటుంది. చాలాసార్లు ఆ బిల్లు రైతు చేతికే రాదు, వచ్చినా ఖాతా పుస్తకంలో మొత్తం ఒక్కటే రాసుకుంటారు. ఎండాకాలం అడవిలో తునికాకు కోసి కట్టలు కట్టే కుటుంబాలు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. ఆ ఆకు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ దాకా 18 శాతం ఉండేది, ఇప్పుడు ఐదు. మద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2023లో దుకాణాల కోసం వేసిన దరఖాస్తుల రుసుము మీదే ఖజానాకు 2,639 కోట్లు వచ్చాయి. ఆ రుసుము ఎవరి సీసా మీద తిరిగి వసూలవుతుందో అందరికీ తెలుసు.

కట్టే పన్ను కనపడనివ్వని ఈ పరదా బ్రిటన్‌లో కొంత పలచన. జీతం చీటీలో ఆదాయపు పన్ను ఎంత, నేషనల్ ఇన్సూరెన్స్ ఎంత అని కోతలు విడివిడిగా ఉంటాయి. ఇంటికి వచ్చే కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో పోలీసుల వాటా, అగ్నిమాపక దళం వాటా వేరువేరుగా రాసి ఉంటాయి. ఆదాయపు పన్ను మొదలయ్యే పరిమితి 12,570 పౌండ్లను 2021 నుంచి కదపకుండా ఉంచారు. ధరలతో పాటు జీతాలు పెరిగినకొద్దీ, రేటు పెంచకుండానే ఎక్కువమంది ఎక్కువ పన్నులోకి జారిపోతున్నారు. 2025 నవంబర్ బడ్జెట్‌లో ఈ స్తంభనను 2031 దాకా పొడిగించారు. దేశ ఆదాయంలో పన్నుల వాటా 38 శాతం దాటి మునుపెన్నడూ లేని స్థాయికి చేరుతుందని అక్కడి బడ్జెట్ అంచనాల సంస్థ లెక్కగట్టింది. ఇంత కడుతున్నా ఆసుపత్రిలో వరుస పెద్దగా తగ్గలేదు, రోడ్డు గుంత పూడలేదు. అక్కడి ఓటరు కోపానికి మూలం ఇదే. 1990లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం కోటీశ్వరుడికీ కూలివాడికీ ఒకే ఊరిలో ఒకే తలపన్ను వేసినప్పుడు లండన్ ట్రఫాల్గర్ కూడలిలో అల్లర్లు జరిగాయి. ఆ ఏడాది నవంబర్‌లో ఆమె పదవి వదిలారు. 2024లో గెలిచిన లేబర్ ప్రభుత్వం పింఛనుదారులకు చలికాలంలో ఇచ్చే ఇంధన భత్యాన్ని చాలామందికి కోసి, జనం తిరగబడ్డాక మరుసటి ఏడాది జూన్‌లో చాలావరకు వెనక్కి తగ్గింది.

అన్నీ తెలిసిన బ్రిటన్ ఓటరు కూడా విసిగిపోయే ఉన్నాడు కదా, మరి తెలియడం వల్ల ఒరిగిందేమిటని అడగవచ్చు. అడగాల్సిన మాటే. తెలియడం కోపాన్ని తగ్గించదు, అది ఎప్పుడు రావాలో, ఎవరి మీద రావాలో చెబుతుంది. తలపన్ను ఇంగ్లాండ్‌లో అమల్లోకి వచ్చే ముందే లండన్ కదిలింది. ఇంధన భత్యం కోత ఏడాది తిరగకముందే చాలావరకు వాపసు అయింది. 2022లో లిజ్ ట్రస్ 4,500 కోట్ల పౌండ్ల పన్నుల తగ్గింపును, ఆ లోటు పూడ్చే దారి చెప్పకుండా ప్రకటిస్తే, గద్దెనెక్కిన 49 రోజులకే ప్రధాని పదవి పోయింది. ఆమెను ముందు దింపింది అప్పులిచ్చే మార్కెట్టే కానీ, ఇంటి రుణాల వడ్డీ పెరుగుతుందని జనానికి రోజుల్లోనే అర్థమైంది. పొరపాటు చేసినవాళ్లు పదవిలో ఉండగానే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మేడిగడ్డ విషయంలో జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ నివేదిక ఇచ్చేసరికి 2025 జూలై 31. అప్పటికి బ్యాంకు వాయిదాలు కడుతున్నది మరో ప్రభుత్వం, డబ్బు మాత్రం అదే జనానిది.

ఇంకో అభ్యంతరం పట్నాల్లో ఎక్కువ వినిపిస్తుంది. పల్లెవాళ్లు కట్టేదానికన్నా తీసుకునేదే ఎక్కువ, వాళ్లకు లెక్క అడిగే హక్కేమిటి అని. తీసుకునేది తక్కువేమీ కాదని నేనూ ఒప్పుకుంటాను. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే వస్తున్నది కేంద్రం సబ్సిడీ వల్ల. సాగుకు ఉచిత కరెంటు ఉంది, 200 యూనిట్లలోపు వాడే అర్హులైన ఇళ్లకు సున్నా బిల్లు, ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం. 2024లో రెండు లక్షల దాకా పంట రుణాల మాఫీకి ఇరవై వేల కోట్లకు పైగా పోయింది. కానీ తీసుకుంటున్నాం కాబట్టి అడగకూడదు అనే వాదనే పాలకుడికి కావలసింది. సర్కారు ఇచ్చే ప్రతి పథకం మీద ముఖ్యమంత్రి బొమ్మ పెద్దదిగా ఉంటుంది, కట్టిన పన్ను మీద ఏ బొమ్మా ఉండదు. దాంతో ఓటరు తనను దానం పుచ్చుకున్నవాడిగా చూసుకుంటాడు. పుచ్చుకున్నవాడు ఇంకాస్త పెట్టమని అడుగుతాడు తప్ప, సొమ్ము ఎక్కడిదని అడగడు. పార్టీలకు ఈ బేరం బాగా తెలుసు. ఒకరు రైతుకు ఎకరానికి పది వేలంటే ఇంకొకరు పదిహేను వేలంటారు. గెలిచాక అది పన్నెండు వేలవుతుంది, ఆ తగ్గిన మూడు వేల మీద గొడవ జరుగుతుంది. అసలు ఖజానాలో ఎంత ఉంది, ఏది ఆపి ఇది ఇస్తున్నారు అన్నది ఎవరి ప్రచారంలోనూ ఉండదు.

ఖజానాలో ఉన్నదెంతో తెలుసుకోవడం కూడా సులభంగా లేదు. 2023 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి, 2014-15లో 72,658 కోట్లున్న అప్పు 6,71,757 కోట్లయిందని చెప్పింది. ఇది కార్పొరేషన్ల బాకీలన్నీ కలిపి పెంచి చూపిన లెక్క అని, ఆస్తులు కూడా చూడాలని బీఆర్‌ఎస్ నాలుగు రోజుల్లో ‘స్వేదపత్రం’ పేరుతో జవాబు విడుదల చేసింది. బీఆర్‌ఎస్ మాటలో కొంత న్యాయం ఉంది. హామీ ఇచ్చిన అప్పూ నేరుగా చేసిన అప్పూ ఒకటి కావు, ఆస్తి మిగిల్చిన అప్పును తిండికి చేసిన అప్పుతో కలపకూడదు. అయితే ఆ సంస్థలకు సొంత రాబడి లేనప్పుడు, వాయిదా బడ్జెట్ నుంచే పోతున్నప్పుడు, అది సర్కారు అప్పు కాదనడం కుదరదు. నెలకు 18,500 కోట్ల రాబడిలో జీతాలు, పింఛన్లకు 6,500 కోట్లు, అప్పులకు మరో 6,500 కోట్లు పోతున్నాయని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025లో పలుమార్లు చెప్పారు. ఆ మాట ఎప్పుడు చెప్పారో కూడా గమనించాలి. ఉద్యోగులు బకాయిలు అడిగినప్పుడు చెప్పారు. 2023లో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించిన సభల్లో ఇలాంటి పద్దు ఎవరూ చదవలేదు.

పెద్ద పద్దు హైదరాబాద్‌లో ఉన్నా, అడగడం నేర్చుకునే చోటు ఊరే. ఇంటి పన్ను రసీదు తీసి చూస్తే పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కనిపిస్తుంది. ఊళ్లో గ్రంథాలయం లేకపోయినా అది వసూలవుతుంది. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిశాక రెండేళ్లకు దగ్గరగా ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేనందున పదిహేనో ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయాయి, పాత సర్పంచులు చేసిన పనుల బిల్లుల కోసం ధర్నాలు చేశారు. పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతటా సభలు పెట్టారు, చాలాచోట్ల జనం అధికారులను నిలదీశారు కూడా. అయితే ఆ నిలదీత చాలావరకు ఇందిరమ్మ ఇళ్ల జాబితాలో, రేషన్ కార్డుల జాబితాలో పేరు ఎందుకు లేదన్న దాని మీదే. పేరు లేనివాళ్ల బాధ నిజమైనదే, దాన్ని తక్కువ చేయలేం. కానీ అదే సభలో, అదే గొంతుతో, ఈ ఏడాది పంచాయతీకి వచ్చిందెంత, బొగ్గు గనుల నుంచి జిల్లా ఖనిజ నిధికి చేరిందెంత, అందులో మన మండలానికి ఎంత ఖర్చు పెట్టారు అని అడగడానికి చట్టంలో అడ్డేమీ లేదు. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికైన కొత్త సర్పంచులు ఉపసర్పంచులతో కలిసి చెక్కుల మీద సంతకాలు పెడతారు. ఆ సంతకాల పద్దు పంచాయతీ కార్యదర్శి దగ్గరే ఉంటుంది. దాన్ని సభలో మొదటి అంశంగా పెట్టి, అందరికీ వినబడేలా చదివించమని పట్టుబట్టాలి. లబ్ధిదారుల జాబితా ఆ తర్వాత చదవవచ్చు.