కళ్లమున పరుండువారికి దోమతెర

చేనికాపునకు మంచెమీదను, నూర్పిడినాళ్ల కళ్లమునందును పరుండు రైతులకు దోమకాటువలన మలేరియా జ్వరము రాగలదు. ఈ జ్వరబీజమును 1897 వ సంవత్సరమున సికిందరాబాదులో రోనాల్డు రాస్ దోమ కడుపునందు కనుగొనెను. దానిని మోయు దోమ రాత్రివేళ కుట్టును. కావున తెర అవసరము.

మోసికొనిపోవుటకు నూలుతెరకంటె పాలియెస్టరు తెర మేలు. అది తేలిక, మంచుకు తడిసినను త్వరగా ఆరును. చదరపు అంగుళమునకు 156 కన్నములకు తక్కువ గాకుండ చూచి కొనవలెను.

తెర యుండియు అంచులు విడిచి పరుండినవారిని మేము పలుమారు చూచితిమి. నాలుగు కఱ్ఱలు పాతి, ఒంటికి తగులకుండ కట్టి, అంచులను చాపక్రిందికి దోపవలెను. తెరకు ఆనిన మోచేతిని దోమ వెలుపలినుండియే కుట్టును. మందు పట్టించిన తెరను చెఱువులో ఉతుకరాదు. ఆ మందు చేపలకు విషము. నీడను ఆరవేయవలెను. చిరుగు కనబడిన నాడే కుట్టుకొనుడు. ధాన్యముతోబాటు కాపరియు ఆరోగ్యముగా ఇల్లు చేరవలెను గదా!