అరచేతిలో రైలుబండి

ఒక రైలింజను బరువు 100 టన్నులు అనుకుందాం. దాని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 160వ వంతుకు తగ్గించి, అవే లోహాలతో బొమ్మ చేస్తే అది ఎంత తూగుతుంది? 160తో ఒకసారి భాగిస్తే చాలునని మీలో కొందరు అనవచ్చు. అలా అయితే బొమ్మ బరువు 625 కిలోలు కావాలి! కానీ తగ్గినవి మూడు కొలతలు. కాబట్టి 160తో మూడుసార్లు భాగించాలి. వచ్చేది సుమారు 24 గ్రాములే. నమూనా రైళ్లను చిన్నవి చేయబోయిన వారికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది ఈ లెక్కే.

1891లో జర్మనీకి చెందిన మెర్క్‌లిన్ సంస్థ లైప్‌జిగ్ సంతలో స్ప్రింగుతో నడిచే రైలును ప్రదర్శించింది. పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారని మీకు తెలుసు. ఆ సంస్థ బొమ్మ రైళ్ల గేజిలకు ప్రమాణాలు ఏర్పరచింది. తర్వాత గేజిలు క్రమంగా తగ్గుతూ వచ్చాయి. 32 మిల్లీమీటర్ల గేజికి 'సున్నా' అని పేరు. దానిలో ఇంచుమించు సగం, అంటే 16.5 మి.మీ. గేజి, 'హెచ్‌ఓ' అయింది. 1960ల తొలి ఏళ్లలో ఆర్నాల్డ్ సంస్థ 9 మి.మీ. గేజి 'ఎన్' రైళ్లను తెచ్చింది. 1972లో మెర్క్‌లిన్ 6.5 మి.మీ. గేజి 'జెడ్' రైళ్లను తెచ్చింది.

మరి చిక్కు ఏమిటి? ఈ బొమ్మల్లో విద్యుత్తు పట్టాల నుండి చక్రాల ద్వారా మోటారుకు చేరుతుంది. ఇంజను తేలికైతే చక్రాలు పట్టాలను గట్టిగా నొక్కవు. మధ్యలో ధూళి పడితే ప్రవాహం ఆగిపోతుంది. ధూళి రేణువు 160వ వంతుకు తగ్గదు కదా! అందుచేత తొలినాటి చిన్న ఇంజన్లు కుదుపులతో నడిచేవి. మెల్లగా నడిపితే ఆగిపోయేవి.

దీనికి ఉపాయాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఇంజను లోపలి ఖాళీలో లోహపు దిమ్మలు అమర్చి బరువు పెంచారు. ఎక్కువ చక్రాలు విద్యుత్తును అందుకొనేలా చేశారు. మోటారు ఇరుసుకు చిన్న గతిపాలక చక్రం తగిలించారు. ప్రవాహం క్షణకాలం తెగినా, జడత్వం వల్ల ఆ చక్రం మోటారును తిప్పుతూనే ఉంటుంది. 1980లలో వచ్చిన నియోడిమియం అయస్కాంతాల వల్ల చిన్న మోటార్లకు కూడా మంచి బలం చేకూరింది. నేడు కొన్ని ఇంజన్లలో విద్యుత్తును కాసేపు నిలవచేసే కెపాసిటర్లు కూడా ఉంటున్నాయి.

నడిపే పద్ధతి కూడా మారింది. పూర్వం పట్టాలకు ఇచ్చే వోల్టేజిని పెంచి, తగ్గించి వేగాన్ని మార్చేవారు. ఒకే పట్టాలపై రెండు ఇంజన్లుంటే రెండూ కదిలేవి! అందుకని పట్టాలను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఒక స్విచ్చి పెట్టేవారు. 1990లలో డిజిటల్ పద్ధతికి ప్రమాణాలు ఏర్పడ్డాయి. ఇందులో పట్టాలపై వోల్టేజి ఎప్పుడూ పూర్తిగా ఉంటుంది. దానితోపాటే ఆజ్ఞలు సంకేతాలుగా వెళతాయి. హాజరు పిలిచేటప్పుడు మీ నంబరుకు మీరే పలుకుతారు కదా! అలాగే ప్రతి ఇంజనులోని చిప్పు తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది.

ఇక మీకొక లెక్క. విదేశాల్లో విరివిగా ఉన్న 1435 మి.మీ. గేజిని 160తో భాగిస్తే సుమారు 9 వస్తుంది. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. మన రైలుకు అదే నిష్పత్తిలో నమూనా చేస్తే, దానికి 'ఎన్' పట్టాలు సరిపోతాయా? కాగితం, పెన్సిలు తీసుకోండి.