తలచినది తప్పిననాడు

తానొకటి తలచిన దైవమొకటి తలచునను సామెత మన యిండ్లలో దినమునకు నాలుగు మాఱులైనను వినబడును. వినబడుటయే గాని, దానిని నమ్మి నడచుకొనువారు మాత్రము అరుదు. కోతకు కూలీలను కుదుర్చుకొని, కొడవండ్లు సానబట్టించి, తెల్లవారుజామున లేచి చూచునప్పటికి తూర్పున మబ్బు క్రమ్మియుండును. పెండ్లికి ముహూర్తము పెట్టించి, పందిరి వేయించి, వంటవారికి బయానా యిచ్చి కూర్చుండగా, పెండ్లికుమారునివారు ఎక్కిన రైలు ఆఱు గంటలు ఆలస్యమని కబురు వచ్చును. తప్పక గెలిచెదమని ప్లీడరుగారు ధైర్యము చెప్పిన వ్యాజ్యమే యోడిపోవును. పట్టణమునకు పంపి చదివించిన కుమారుడు పరీక్షలో తప్పి యింటికి వచ్చును. ఇట్టివేవియు నెఱుగని గృహమొకటి యెచ్చటనైన నున్నచో, దాని యానవాలు మాకు తెలిపినవారికి మిక్కిలి కృతజ్ఞులమై యుందుము. పోయి యా గడపకు నమస్కరించి వచ్చెదము.

కావున ఏర్పాటు తప్పునా తప్పదా యను ప్రశ్నకు ప్రత్యుత్తరము అక్కఱలేదు. తప్పును. తప్పిన మఱుక్షణమున మనమేమి చేయుదుమనునదే విచారింపదగిన విషయము. మనలో పలువురు మొట్టమొదట చేయు పని, తప్పెవరిదో నిర్ణయించుట. పంచాంగమును, పాలేరును, ప్రభుత్వమును వరుసగా నిందించి, యంతటితో తీఱక, అన్నము వడ్డించుచున్న యిల్లాలిమీద విసుగుకొనుటతో ఆ విచారణ ముగియును. ఈ దోషమునుండి మేమును ముక్తులము కాము. అచ్చునకు పోవలసిన వ్యాసము వేళకు చేరని రాత్రి మా కార్యాలయమున వినవచ్చు పలుకులు పాఠకుల చెవి సోకకుండుటయే మేలు. ఆ పలుకులవలన వ్యాసము వచ్చినది లేదు. విసుగువలన మబ్బు విడిచినదియు లేదు. పోయినది పోగా, ఉన్న వివేకము కూడ దానివెంట పోవును.

ప్రసన్నముగ నుండుడని యొరులకు నీతి చెప్పుట సులభము. కడుపు నిండినవాడు ఉపవాస మహిమను వర్ణించునట్లుండును. అందువలన మేము ఉపదేశమునకు పూనుకొనక, మన తెలుగునాట పుట్టి, తలచినది తలచినట్లు జరుగుట చాల తక్కువగా చూచిన యొక మహాపురుషుని జీవితమును పాఠకులకు జ్ఞాపకము చేయదలచితిమి. ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి.

చిన్ననాటనే కాశికి పాఱిపోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేఱి, మధ్యలోనే పట్టుబడి యింటికి చేరెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. ఆయన జీవితములో భంగమైన మొదటి యేర్పాటు బహుశః ఇదియే కావచ్చును. తల్లి వెంకమ్మగారు పట్టు విడువక మఱల చదువునకు పంపిరి. చదువైనను సాఫీగ సాగినదా? మెట్రిక్యులేషను పరీక్ష మూడవమాఱు గాని చేతికి చిక్కలేదు. పిమ్మట రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపదలచిరి. దానికి తల్లి యంగీకరింపలేదు. వైద్యము చదివినచో ఆ పుణ్యకార్యమునకే యుపకరింపవచ్చునని మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. వ్యాపారము తలచినవాడు విద్యార్థియయ్యెను. సన్న్యాసము తలచినవాడు వైద్యుడయ్యెను.

ఆ దినములలో గాంధీమహాత్ముని పిలుపు విని, విదేశ వస్త్రమును విడిచి, ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స నేర్చుకొనుటకు పోయిరి. ఆచార్యుడైన దొరగారికి అది రుచింపలేదు. ఫలితమేమనగా, కడపట ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగ ఎల్.ఎం.ఎస్. అను తక్కువ తరగతి యోగ్యతాపత్రము మాత్రమే చేతికి వచ్చెను. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగమునకై ప్రయత్నించిరి, అదియు దొరకలేదు. అప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకులుగ చేరిరి. అంతకుముందే గృహమున పెద్ద విపత్తు సంభవించెను. తిన్న యన్నమును వంటబట్టనీయక మనుష్యుని శల్యావశిష్టుని చేయు స్ప్రూ అను వ్యాధివలన, ఆయన సోదరులిద్దఱు కొద్ది దినముల యెడముతో ఒకరివెంట నొకరు గతించిరి. ఆ వ్యాధియే తన్నును పట్టగా, లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రదికి బయటపడిరి.

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము నిలిచి యోచింపవలెను. ఈ మనుష్యునికి లోకముపై కోపగించుటకు కావలసినన్ని కారణములు కలవు. ఖద్దరు కట్టినందుకు పట్టము పోయినది, పట్టము లేనందున ఉద్యోగము పోయినది, సోదరులు పోయిరి. తన కష్టములను జాబితాగ వ్రాసికొని, వచ్చినవారికెల్ల వినిపించుచు, అరుగుమీద కూర్చుండి శేషజీవితమును గడపినను ఎవరును తప్పు పట్టియుండరు. ఆయన ఆ జాబితాను వ్రాయలేదు. మామగారు సమకూర్చిన ధనసహాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి యాదరువును ఆధారముగ గొని ఓడ యెక్కి, అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచ్చట హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధులనుగూర్చి చదువుకొనుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పనిని చేసిరి.

ఆ పాత్రలు కడిగిన చేతులే 1925లో సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో గూడి, రక్తములోను మూత్రములోను గల భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యని ఇద్దఱి పేర్లతో అది శాస్త్రగ్రంథములకెక్కినది. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ప్రాణికోటి యందలి శక్తికి నాణెమువంటిదగు ఏ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. ఇంత చేసినవానికి విశ్వవిద్యాలయమున స్థిరమైన పదవి లభించినదా యన్న, లభింపలేదు. 1940లో ఆయన హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రమునందలి పర్ల్ రివరు అను ఊరిలోని లెడర్లీ ఔషధశాలలో పరిశోధనకై చేరిరి. విద్యాపీఠమున చోటు దొరకని శాస్త్రవేత్త మందుల కర్మాగారమునకు పోవుట ఆనాటి పండితుల దృష్టిలో గౌరవము కాదు. కాని ఆయన కార్యములలో లోకమునకు మిక్కిలి యుపకరించినవి ఆ కర్మాగారమునుండియే వెలువడినవి.

అచ్చటను అనుకొన్నది అనుకొన్నట్లు జరుగలేదు. ప్రాణాంతకమగు నొక రక్తహీనతను కుదుర్చు పదార్థము కాలేయమున కలదని తెలిసి, దానిని వేఱుచేయుటకు పలు సంవత్సరములు శ్రమించిరి. అది ఆయనకు చిక్కలేదు. నేడు బి12 అని మనము పిలుచు ఆ పదార్థమును 1948లో ఇతరులు వేఱుచేసిరి. కాని ఆ వెదకులాట దారిలోనే ఫోలిక్ ఆమ్లము ఆయన బృందమునకు లభించెను. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగిరి. ఈ ఫోలిక్ ఆమ్లమే స్ప్రూ వ్యాధికి మందుగ తేలినది. సోదరులిద్దఱిని మ్రింగిన వ్యాధికి మందు, మఱియొక దానిని వెదకుచుండగా, దొరకినది. దొరకునప్పటికి ఆ సోదరులు పోయి పాతికయేండ్లు దాటినవి.

ఇంతకన్నను విచిత్రమైనది పిమ్మట జరిగినది. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో చనిపోవుచున్న పసిబిడ్డలకు ఈ ఫోలిక్ ఆమ్ల జాతి పదార్థములనిచ్చి చూచెను. మేలు కలుగునని ఆశ. కలిగినది మేలు కాదు. వ్యాధి మఱింత వేగముగ పెరిగెను. ఒక ప్రయత్నము తప్పుట వేఱు, తలక్రిందులై యెదురుతిరుగుట వేఱు. ఇట్టి వేళ సామాన్యుడు భయపడి, పుస్తకము మూసివేసి, ఆ మాట మఱల నెత్తడు. వీరట్లు చేయలేదు. ఇది పెట్టినచో వ్యాధి పెరుగుచున్నదే, ఇది అందకుండ చేసినచో వ్యాధి తగ్గవలదా యని తలచిరి. ఫోలిక్ ఆమ్లమువలె కనబడి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్ అను మందును సుబ్బారావుగారి ప్రయోగశాల అందించెను. 1948 జూనులో ఫార్బరు వెల్లడించిన ఫలితములనుబట్టి పదునాఱుగురు పిల్లలలో పదిమందికి గుణము కనబడెను. అది తాత్కాలికమే, అయినను అంతకుముందు ఆ వ్యాధికి ఆ మాత్రపు గుణమునిచ్చు మందు లేకుండెను. ఆ జాతిలోనిదే యగు మెథోట్రెక్సేటు నేటికిని రక్తపు క్యాన్సరుకు, కీళ్లవాతమునకు వాడుకలో నున్నది. వైద్యవసతులు చక్కగా నున్న దేశములలో, పిల్లలకు ఎక్కువగా వచ్చు రక్తపు క్యాన్సరునుండి నేడు పదిమందిలో ఇంచుమించు తొమ్మండుగురు బ్రదుకుచున్నారు. ఆ దారికి తొలి మైలురాయి, మేలు చేయబోయి కీడు చేసిన మందు.

గోదావరి, కృష్ణా మండలముల పాఠకులకు మఱియొక సంగతి చెప్పవలెను. బోదకాలు మనకు క్రొత్త కాదు. కాలు బరువెక్కి పొలము గట్టున నడువలేని రైతును చూడని గ్రామములు తీరమున తక్కువగానే యుండెను. ఆ వ్యాధిని కలిగించు క్రిముల నణచు డి.ఇ.సి. అను మందు 1947లో సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండి వెలువడినదే. 2004 నుండి మన దేశమున ఆ వ్యాధిగల జిల్లాలలో ఇంటింటికిని పోయి మ్రింగించిన మాత్రలు అవియే. భీమవరపు బిడ్డ దేశమునకు తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయస్సున, అమెరికాలోనే కన్నుమూసెను. మందు మాత్రము మన గడపకు వచ్చినది.

ఈ కథ చెప్పి, కష్టములన్నియు కడపట సుఖములగునని పలికినచో మేము పాఠకులను మోసగించినవారమగుదుము. పోయిన సోదరులు రాలేదు. ఓడ యెక్కిన భర్త మఱల ఇల్లు చేరలేదు. ఆ యిల్లాలి నిరీక్షణకు ఏ యౌషధమును ప్రతిఫలము కాదు. తప్పిన యేర్పాటులలో కొన్ని తప్పినవే యగును. ప్రసన్నత యనగా దుఃఖము లేనట్లు నటించుట కాదు. పందిరి కూలిన చోట పండ్లికిలించుటయు కాదు. జరిగినదానితో జగడమాడక, చేతులను కన్నులను పనికి విడిచిపెట్టుటయే ప్రసన్నత. కోపముతో నిండిన కంటికి ఎదుటనున్నది కనబడదు. తప్పెవరిదని వెదకువాడు తప్పు నేర్పు పాఠమును చూడజాలడు. పిల్లలకు వ్యాధి పెరిగిన ఆ దినమున ప్రయోగశాలలోనివారు ఒకరినొకరు నిందించుకొనుటకు కూర్చుండినచో, తలక్రిందైన ఫలితములోని సూచన ఎవరికి కనబడియుండును?

మన యిండ్ల వ్యవహారములింత గొప్పవి కావు. కాని నియమమొకటియే. రైలు ఆలస్యమైన పెండ్లియింట పెద్దమనిషి నవ్వి, "మఱియొకమాఱు కాఫీ కాచుడు" అని కేక వేసినచో, ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకొని పనిలో పడును. ఆయనయే కండ్లెఱ్ఱజేసినచో, రైలు వచ్చునప్పటికి ముగ్గురు అలిగి గదులలో కూర్చుండియుందురు; ఆలస్యమైన రైలు చేయని నష్టమును ఆ కోపము చేయును. గృహమునకు పెద్దయైనవాని ప్రసన్నత తన సొంత సుఖమునకు కాదు, పదిమంది ధైర్యమునకు.

పరీక్ష తప్పి యింటికి వచ్చిన కుమారుని సంగతి మొదట చెప్పితిమి. ఈ యేడును ఫలితములు వెలువడిన నాడు ఎన్ని యిండ్లలో ఆ బిడ్డలు గుమ్మము వెలుపల నిలువబడి, లోనికి వచ్చుటకు జంకియుందురో మన మెఱుగుదుము. కొందఱు అసలు ఇంటికే రాక ప్రాణములు తీసికొనుచున్నారు. అట్టి వానికి ఆ రాత్రి కావలసినది ఉపన్యాసము కాదు, ఖర్చుల లెక్క అంతకన్నను కాదు. మూడవమాఱు గాని మెట్రిక్యులేషను గట్టెక్కని భీమవరపు బాలుని, రెండవమాఱు తప్పిననాడే యింటివారు పనికిరానివానిగ నెంచి విడిచినచో ఏమై యుండునో తలచుకొందము.

మబ్బు పట్టిననాడు కోత యాగును. ఆగినది కోత మాత్రమే. గాదె అడుగున ఎలుకలు చేసిన కన్నములు పూడ్చుటకును, మఱచిన యుత్తరములకు జవాబులు వ్రాయుటకును, పరీక్ష తప్పిన కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వేడి యన్నము తినుటకును అంతకన్న మంచి దినము దొరకదు.