వాలుగోడకు అద్దం

అద్దం అబద్ధమాడదని పెద్దలంటారు. అయితే అది ఉన్నదున్నట్లు చూపాలంటే దానిని నిలిపిన తీరు కూడా సక్రమంగా ఉండాలి.

కొన్నేళ్ళ క్రిందట మేము అద్దెకున్న ఇంటిలో మేడమెట్ల క్రింద స్నానాలగది ఉండేది. మెట్ల వాలుననుసరించి కట్టినందున అందులో ఒక గోడ పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉండేది. ఆ గోడకు జిగురుతో అంటించిన అద్దం ఒక రాత్రి ఊడిపడి ముక్కలైపోయింది. మా తండ్రిగారు రోజూ తెల్లవారుజామున వజూ చేసుకొనడానికి వట్టికాళ్ళతో ఆ గదిలోనికి వెళ్ళేవారు. చప్పుడుకు మేము మేల్కొనబట్టి ఆనాడు ప్రమాదం తప్పింది. అద్దం తగిలించడం అల్పమైన పని కాదని నాకు అప్పుడే బోధపడింది.

కాంతికిరణం అద్దంపై ఎంత కోణంతో పడుతుందో అంతే కోణంతో పరావర్తనం చెందుతుంది. 11వ శతాబ్దిలో 'కితాబుల్ మనాజిర్' రచించిన ఇబ్న్ అల్ హైతమ్ ఈ పరావర్తనాన్ని విపులంగా పరిశీలించాడు. ఈ సూత్రాన్నిబట్టి అద్దం 10 డిగ్రీలు వాలితే కిరణం 20 డిగ్రీలు మళ్ళుతుంది. లోపలికి వాలిన అద్దానికి 3 అడుగుల దూరాన నిలిచి తిన్నగా చూచేవానికి తన కన్నులు కాక, వాటికి 13 అంగుళాల దిగువనున్న రొమ్ము కనిపిస్తుంది. ముఖం చూచుకోవాలంటే అద్దం మధ్యభాగం కంటిమట్టానికి సుమారు 6 అంగుళాల ఎత్తున ఉండాలి. తల ఎత్తి చూడాలి. మెడనొప్పి గల వృద్ధులకు ఇది కష్టం. గోడ వెలుపలికి వాలినచో నుదురు, పైకప్పు కనిపిస్తాయి.

కావున గోడ ఎటు వాలినా అద్దాన్ని నిట్టనిలువుగా నిలపడమే ఉత్తమం. అందుకు తాపీపనివారి తూకపుగుండు చాలును. ఉర్దూలో దీనినే సాహుల్ అంటారు. గోడ లోపలికి వాలి ఉంటే, అద్దం పైఅంచు రావలసినచోట మేకు కొట్టి గుండును వ్రేలాడదీయాలి. క్రిందిఅంచు వచ్చేచోట దారానికీ గోడకూ నడుమ గల ఎడమెంతో కొలవాలి. అంత మందంగల కొయ్యదిమ్మెలను అక్కడ బిగించాలి. 2 అడుగుల అద్దానికి, 10 డిగ్రీల వాలుకు ఈ ఎడం 4 అంగుళాల పైచిలుకు ఉంటుంది. గోడ వెలుపలికి వాలి ఉంటే దిమ్మెలు పైఅంచున రావాలి.

ఇక బరువు సంగతి. 2 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం గల అద్దం దాదాపు మూడున్నర కిలోలు తూగుతుంది. ఇంత బరువును తడిగోడమీది జిగురుకు అప్పగించరాదు. గోడకు రంధ్రాలు చేసి, చెక్కబిరడాలు దిగగొట్టి, స్క్రూలతో దిమ్మెలను బిగించాలి. అద్దం క్రిందిఅంచు ఒక పట్టీపై ఆనాలి. పైనా ప్రక్కలా రబ్బరుముక్కలు వేసిన కొక్కేలు పట్టి ఉంచాలి.

గాజుకు వెండిపూత పూసే రసాయనపద్ధతిని 1835లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లీబిగ్ రూపొందించాడు. ఆ పూతకు తేమ శత్రువు. అంచులు నల్లబడడానికి అదే కారణం. దిమ్మెల వలన అద్దం వెనుక గాలి ఆడడం మరొక లాభం.

ఒక హెచ్చరిక. నిన్నటిదాకా నిలువుగా ఉన్న గోడ క్రొత్తగా వాలితే, అద్దం మాట అటుంచి ముందు మేస్త్రీకి చూపించాలి.

మా ఇంట దిమ్మెలపై నిలిపిన అద్దంలో మా తండ్రిగారు మెడ ఎత్తనక్కరలేకుండానే గడ్డం దువ్వుకొనేవారు. గోడను సరిచేయడం అద్దెకున్నవాని చేతిలో లేదు. నిలువేదో తూకపుగుండు నడిగి తెలుసుకొనడం మాత్రం అందరి చేతిలోనూ ఉన్నది.